ఎడారి దాచిన అద్దకం

మన కృష్ణా తీరంలో వెయ్యేళ్ల నాటి గుడ్డపీలిక ఒక్కటి చూపించమంటే చూపించడం కష్టం. శాసనాలున్నాయి, నాణేలున్నాయి, ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. బట్ట మాత్రం లేదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఎర్రసముద్రం మీదుగా వచ్చే వర్తకుల కోసం ఎవరో గ్రీకులో రాసిపెట్టిన ‘పెరిప్లస్’ అనే దారి పుస్తకం మన తీరాన్ని మసాలియా అని పిలిచింది. ఇక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని కూడా చెప్పింది. అందులో జానెడు గుడ్డైనా మన నేల మిగల్చలేదు. తేమ, చెద, ఉప్పుగాలి, ఏటా వచ్చే తుఫాన్లు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారంటారు. మనుషులే అలా పోయిన చోట కావిడిపెట్టెల్లో చీరల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

నేను పెడనలో అద్దకం ఇంట్లో పుట్టిన మనిషిని. చీరలూ దుప్పట్లతో పాటు ఈమధ్య గోడకు వేలాడదీసే పెద్ద గుడ్డలు కూడా చేస్తున్నాను. హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “ప్రాచీన ఎడారి చరిత్ర మీద ఒక గుడ్డ చేసిపెట్టండమ్మా. పిరమిడ్లు, ఒంటెలు, ఖర్జూరం చెట్లు ఉంటే హాలుకి బాగుంటుంది” అన్నారు. ఒంటెలంటే నాకేం పేచీ లేదు. కానీ ఎడారి చరిత్ర అనగానే నాకు గుర్తొచ్చేది మా పనే. పత్తిబట్ట మీద మన దేశపువాళ్లు అచ్చులతో అద్దిన పాత గుడ్డలు గుట్టలుగా దొరికింది గుజరాత్‌లోనూ కాదు, బందరులోనూ కాదు, ఈజిప్టు ఇసుకలో. ఆ మాటే ఆవిడకు చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే వాటినే చేయండి, ఒంటె ఒక్కటి మూలనైనా పెట్టండి” అన్నారు. ఒంటె సంగతి తర్వాత చూద్దాం.

ఆ గుడ్డలు దొరికిన చోటు పేరు ఫుస్తాత్. క్రీ.శ. 641 ప్రాంతంలో అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ నైలు ఒడ్డున కట్టిన ఊరది. ముస్లిం ఈజిప్టుకు మొదటి రాజధాని. ఇప్పటి కైరోలో దక్షిణపు మూల. 1168లో క్రూసేడు సైన్యం మీదికి వస్తోందని, ఊరు వాళ్ల చేతిలో పడకూడదని వజీరు షావర్ దానికి నిప్పు పెట్టించాడని చరిత్రకారులు రాశారు. తర్వాత ఊళ్లో చాలా భాగం కైరో వాళ్లు చెత్త పోసే దిబ్బైంది. పగిలిన కుండలు, గాజుపెంకులు, చిరిగిన చొక్కాలు, పరుపు గలేబులు, పాత లైనింగు గుడ్డలు అన్నీ అక్కడికే. వాన పడని నేల. బట్టను తినే సూక్ష్మజీవికి తేమ కావాలి, అక్కడ తేమ లేదు. అందుకే మన దగ్గర పదేళ్లకు పొడైపోయే పీలిక అక్కడ ఆరేడు వందలేళ్లు ఉండిపోయింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈజిప్టు రైతులు పాత మట్టిగోడల దిబ్బల్ని ఎరువు కోసం తవ్వేవారు. ఆ తవ్వకంలో గుడ్డలు బయటపడేవి, కైరో పాతసామాన్ల అంగళ్లకు చేరేవి. ఒకే బట్టను ముక్కలు కోసి వేర్వేరు దొరలకు అమ్మిన వ్యాపారులూ ఉన్నారు. అలీ బహ్‌గత్ అనే ఈజిప్షియన్ పండితుడు 1912 నుంచి ఫుస్తాత్‌లో పద్ధతిగా తవ్వించాడు. అప్పటికే, ఆ తర్వాత కూడా, ఎన్నో ముక్కలు ఎక్కడివో చెప్పే కాగితం లేకుండానే యూరప్ చేరాయి. అంగట్లో ‘ఫుస్తాత్ గుడ్డ’ అని అమ్మినవన్నీ నిజంగా ఫుస్తాత్‌వే అని చెప్పలేం. పేరు మాత్రం అదే స్థిరపడింది.

వాటిలో అతిపెద్ద పోగు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టు చరిత్ర పండితుడు పెర్సీ న్యూబెర్రీ, ఆయన భార్య ఎస్సీ న్యూబెర్రీ కలిసి సేకరించి 1946లో ఇచ్చారు. మనదేశపు అద్దకం ముక్కలే అందులో 1,200కు పైగా ఉన్నాయి. ఎస్సీగారు స్వయంగా కుట్టుపని బాగా తెలిసిన మనిషి. ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధి తెరిచినప్పుడు శవపేటిక మందిరం మీద కప్పిన బంగారు పూల నారబట్టను బాగుచేసే పని ఆవిడకే అప్పగించారు. మూడువేల రెండువందల ఏళ్లు సమాధిలో నిలిచిన బట్ట అది. 1924లో ఆ సమాధిని తవ్వించిన హోవర్డ్ కార్టర్‌కూ ఈజిప్టు ప్రభుత్వానికీ గొడవై పని ఆగిపోయింది. ఆ నెలల్లో దాన్ని బయట సరైన రక్షణ లేకుండా వదిలేశారు. అది పాడైపోయింది. చక్రవర్తి మీద కప్పిన బట్ట అలా పోగా, ఎవరో పేదవాడు పారేసిన మన అద్దకం పీలికలు అదే ఆవిడ అలమరలో భద్రంగా మిగిలాయి. నాకు ఈ కథ చాలా ఇష్టం. ఎందుకని అడిగితే చెప్పలేను, మా వాళ్లెవరో పందెం గెలిచినట్టుంటుంది.

ఈ ముక్కలు మన దేశానివని వివరంగా వాదించినవాడు ఫిస్టర్ అనే పరిశోధకుడు. 1938లో ఫ్రెంచిలో పుస్తకం రాశాడు. గుజరాత్ గుళ్లు, మసీదుల రాతి చెక్కడాల్లో ఉన్న లతలూ చక్రాలూ ఈ గుడ్డల మీదా ఉన్నాయని చూపించాడు. తర్వాత రూత్ బార్న్స్ అనే పరిశోధకురాలు ఆష్మోలియన్‌లోని ఒక్కొక్క ముక్కనూ పరీక్షించి 1997లో రెండు సంపుటాల జాబితా అచ్చువేసింది. కార్బన్ పరీక్షలు కూడా చేయించారు. కొన్ని ముక్కల వయసు 10వ శతాబ్ది దాకా వెనక్కి వెళ్లింది. అంటే పోర్చుగీసువాళ్లు ఓడలేసుకుని మన తీరానికి రావడానికి అయిదు వందలేళ్ల ముందే గుజరాత్ అద్దకం కైరో వీధుల్లో తిరిగింది.

గుడ్డ ఏ దేశానిదో చెప్పడానికి మరో ఆనవాలుంది, అది మా పనివాళ్లకు చప్పున అర్థమవుతుంది. నూలుపోగును నిలువుగా పట్టుకుని చూస్తే పురి ఏ వాలులో తిరిగిందో కనిపిస్తుంది. మనదేశంలో పత్తిని ఇంగ్లీషు జెడ్ అక్షరం నడిమి గీతలా వాలేట్టు పురి పెడతారు. ఈజిప్టు వాళ్లు అవిసెనార వడికి వడికి అలవాటుపడినవాళ్లు. తడిసిన అవిసెనార దానంతటదే ఎస్ అక్షరం వాలులో తిరుగుతుంది, వాళ్ల పురీ అదే. దిబ్బలో దొరికిన పత్తిపోగు జెడ్ వాలులో ఉంటే అది దూరం నుంచి వచ్చిందనడానికి గట్టి ఆధారం. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికె అనే రేవులో ఈ ఆనవాలుతోనే చాలా గుడ్డల్ని మనవని తేల్చారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో టోలెమీ రాజు కట్టిన రేవు అది. 1994 నుంచి తవ్వుతున్నారు. గుడి ఆవరణలో మన దేశపు జాడీ ఒకటి పాతిపెట్టి ఉంది, దాంట్లో ఏడున్నర కిలోల మిరియాలు. అదే రేవులో 4, 5 శతాబ్దాల నాటి పత్తిగుడ్డలు, రంగు అంటకుండా మరుగు పెట్టి నీలిలో ముంచినవి. ఓడ తెరచాపల ముక్కలు కూడా. అదే తీరంలో దూరంగా ఉన్న ఇంకో పాత రేవు కుసైర్ అల్ కదీంలో 13, 14 శతాబ్దాల అద్దకాలు దొరికాయి. అంటే ఒకే దారిలో వెయ్యేళ్ల పాటు సరుకు నడుస్తూ ఉంది.

ఇక పని. ఆష్మోలియన్ వాళ్లు ఈ ముక్కల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు, పుణ్యాత్ములు. పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చుంటే ముందు నిరాశే కలుగుతుంది. ముతక బట్ట. రంగు వెలిసి గోధుమ, మట్టి ఎరుపు, అక్కడక్కడ నీలం. కొన్నిటికి కుట్టిన అంచు ఉంది, కొన్నిటికి అతుకు వేసిన గుర్తు ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా చెయ్యి కనిపించడం మొదలవుతుంది. చక్రంలాంటి పువ్వు, దాని చుట్టూ చుక్కల వరస, ఒకదాని వెనక ఒకటి నడిచే హంసలు, కొమ్మ మీద కొమ్మగా ఎక్కే చెట్టు. కొన్నిటి మీద అరబ్బీ అక్షరాల్లా కనిపించే గీతలున్నాయి కానీ చదవబోతే ఏమీ కావు. కొనేవాడి లిపి అచ్చు చెక్కేవాడికి రాదు, ఆకారం చూసి చెక్కేశాడు. బందరులో కూడా 19వ శతాబ్దంలో ఇరాన్ సరుకు కోసం నమాజు గుడ్డల మీద మిహ్రాబు కమానులూ సైప్రస్ చెట్లూ అద్దారు. అద్దినవాళ్లలో ఎంతమంది ఇరాన్ చూశారు?

అచ్చులు చెక్కే బాబాయ్ దగ్గరికి బొమ్మలు తీసుకెళ్లాను. టేకు చెక్క మీద హంసల వరస గీసుకుని, “ఈ మూడో హంస మెడ వంకరగా ఉందేంటమ్మా, సరిచేసి చెక్కనా?” అన్నాడు.

“వద్దు బాబాయ్, వంకరగానే చెక్కు.”

“జనం నన్నంటారు, చేతకాక చెక్కాడని.”

“వాళ్లడిగితే వెయ్యేళ్ల కిందటి ఆయన్ని అడగమని చెబుతాను.”

నవ్వాడు కానీ ఆయనకు నచ్చలేదు, అది నాకు తెలుసు. ఈ పనిలో నా పట్టుదల ఒక్కటే. పాత గుడ్డను చూసి కొత్తగుడ్డ చేసేవాళ్లు సాధారణంగా బొమ్మను తీసుకుని తప్పుల్ని వదిలేస్తారు. రెండు అచ్చులు కలిసే చోట గీత తప్పింది, ఎరుపు నలుపు దాటి పక్కకు పోయింది, అచ్చు మూలలో జిగురు ఎక్కువై మచ్చ పడింది. ఆ తప్పులే కదా అక్కడ మనిషి ఉన్నాడని చెప్పేవి. చవకబట్ట, పొద్దుగుంకేలోపు ఇన్ని గజాలు అద్దాలి, కూలి గజాల లెక్కన వస్తుంది. అలా తొందరలో పడ్డ అచ్చు ఎలా ఉంటుందో మా నాన్న బల్ల మీద చూస్తూ పెరిగాను. అందుకే నా గుడ్డలో ఆ తొందరను ఉంచాను.

రంగుల విషయంలో అంత ఆలోచించాల్సిన పని పడలేదు. ఎడారి గుడ్డల పద్ధతీ మా పద్ధతీ చాలావరకు ఒకటే. ముందు బట్టకు గంజి వదిలించి, కరక్కాయ నీళ్లలో ముంచి ఎండలో ఆరేస్తాం. తుక్కు ఇనుమును బెల్లం నీళ్లలో నానేసి పులియబెడితే వచ్చే కసిం నీళ్లను అచ్చుతో అద్దితే, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటికను తుమ్మబంకతో కలిపి అద్దుతాం. అప్పటికి అక్కడ ఎరుపేమీ ఉండదు. కాలువ నీళ్లలో బాగా జాడించి, రాగి గుండిగలో మంజిష్ఠ వేసి ఉడకేస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట నిలవదు. నీలిమందుకు పటికతో పని లేదు. నీలం వద్దన్న చోట మైనమో, సున్నమూ బంకా కలిపిన ముద్దో పూసి తొట్టిలో ముంచాలి. బయటికి తీసినప్పుడు బట్ట పచ్చగా ఉంటుంది, గాలి తగులుతున్న కొద్దీ నీలం తిరుగుతుంది. రోజూ చేసేదే అయినా పిల్లలు చూడ్డానికి ఇప్పటికీ పరిగెత్తుకొస్తారు.

పటిక అద్ది రంగు పట్టించే ఈ కిటుకు మనకొక్కళ్లకే తెలుసని అంటే నేను ఒప్పుకోను. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పండితుడు ఈజిప్టు రంగురేజుల గురించి రాస్తూ ఇదే ఆశ్చర్యాన్ని చెప్పాడు. తెల్లబట్టకు రంగు కాక రంగును పట్టే మందులు పూస్తారనీ, ఒకే రంగు కాగుతున్న గుండిగలో ముంచితే రకరకాల రంగులతో బయటికొస్తుందనీ. కిటుకు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పత్తి మీద అచ్చులతో అద్ది ఓడలకెత్తి ఇంత చవగ్గా అమ్మడం మాత్రం మనవాళ్ల ఘనతే.

ఇంకో సంగతి గమనించాను. పాత గుడ్డల్లో నలుపు గీతలున్న చోట బట్ట ముందుగా చిల్లులు పడుతుంది. ఇనుము, కరక్కాయ కలిసిన నలుపు పత్తిని మెల్లగా తినేస్తుంది. గీత పోయి గీత ఆకారంలో ఖాళీ మిగులుతుంది. నా గుడ్డలో హంసల చుట్టూ నలుపు గీత పెట్టకుండా బట్ట రంగునే వదిలేసింది అందుకే. చూసినవాళ్లకు అసంపూర్తిగా అనిపిస్తుంది. అనిపించనీ.

ఎడారి, అద్దకం అనగానే మనదేశంలో చాలామంది కచ్ పేరు చెబుతారు. అజ్రఖ్ అనే అచ్చు అద్దకం అక్కడిదే కనుక న్యాయమే. దాన్ని అద్దే ధమడ్కా ఊరి ఖత్రీల పెద్దలు సింధ్ నుంచి వచ్చినవాళ్లు. నాలుగు వందలేళ్ల కిందట కచ్ పాలకుడు రావ్ భర్మల్ పిలిస్తే వచ్చామని వాళ్ల ఇళ్లలో చెప్పుకుంటారు. రసాయన రంగులు వచ్చాక పాత రంగులు మరుగున పడితే, మహమ్మద్ సిద్దిక్ ఖత్రీ పట్టుబట్టి కొడుకులకు నేర్పాడు. వాళ్లలో ఇస్మాయిల్ ఖత్రీకి 2003లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. వాళ్ల పని చూడ్డానికి భుజ్ దగ్గరి అజ్రఖ్‌పూర్ వెళ్లినప్పుడు నాకు పరాయి ఊరనిపించలేదు. అదే తుమ్మబంక, అదే కరక్కాయ, అదే తుప్పు ఇనుము, అదే బెల్లం. నలుపు చిక్కబడడానికి వాళ్లు చింతగింజల పిండి కలుపుతారు.

అజ్రఖ్ గురించి ఒక మాట మాత్రం జాగ్రత్తగా వినాలి. మొహెంజొదారోలో దొరికిన, ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉన్న ‘పూజారి రాజు’ రాతిబొమ్మ భుజం మీది శాలువాలో మూడురేకుల బొమ్మలున్నాయి. అది అజ్రఖే అని, అయిదు వేల ఏళ్ల కళ అని అంగట్లో ప్రతి చీర మీదా చీటీ వేలాడుతుంది. మొహెంజొదారోలో నిజంగా దొరికిన బట్ట ఒక చిన్న నూలుముక్క, వెండిపాత్రకు అంటుకుని ఉంది. లోహపు తుప్పు దాన్ని కాపాడింది. దానికి మంజిష్ఠ ఎరుపు పట్టి ఉందని పరీక్షించినవాళ్లు చెప్పారు. అది చాలా గొప్ప సంగతే. కానీ ఆ ముక్క మీద అచ్చు లేదు, శాలువాది అద్దకమో కుట్టుపనో నేతో రాయి చెప్పదు. అక్కడి నుంచి బెరెనికె గుడ్డల దాకా రెండువేల ఏళ్లకు పైగా ఖాళీ. ఆ ఖాళీని నమ్మకంతో పూడ్చుకుంటే పూడ్చుకోండి, చీటీ మీద మాత్రం రాయొద్దు. వెయ్యేళ్ల సాక్ష్యం చేతిలో ఉండగా అయిదువేల ఏళ్ల ఊహ మనకెందుకు?

ఎడారిలో రంగు పనికి అసలు కష్టం నీళ్లది. ధమడ్కా పక్క నది ఎండిపోయింది. 2001 జనవరి 26 భూకంపంలో ఊరు కూలిపోయాక భూగర్భజలంలో ఇనుము పెరిగింది. కరక్కాయ పట్టిన బట్టకు ఇనుపనీళ్లు తగిలితే అంతా మసకబారుతుంది, ఎరుపు ఎరుపులా రాదు. అందుకే చాలా కుటుంబాలు భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకున్నాయి. మాకు కాలువల్లో నీళ్లున్నాయి, చేపల చెరువుల పుణ్యమా అని అవి ఎలాంటి నీళ్లో అడక్కండి.

గుడ్డ చూసిన మా ఊరివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “ఇందులో మనదేముంది?” అని. ఉన్నది చెప్పాలి కదా. ఫుస్తాత్ ముక్కల్లో ఎక్కువభాగం గుజరాత్‌వి. మన కోరమాండల్ సరుకు ముఖ్యంగా తూర్పుకు పోయింది, ఇప్పటి ఇండోనేషియా, థాయ్‌లాండ్ వైపు. ఇండోనేషియాలోని సులవేసి కొండల్లో తొరాజా జనం గుజరాత్ బట్టల్నీ మన బట్టల్నీ పూజాద్రవ్యంగా తరతరాలు దాచుకున్నారు. వాళ్ల పెట్టెల్లో బయటపడ్డ గుజరాత్ హంసలకూ ఫుస్తాత్ హంసలకూ పోలిక చూసి పరిశోధకులే ముచ్చటపడ్డారు. ఒకే తీరు అద్దకం ఒకచోట చెత్తకుప్పలో, ఇంకోచోట పూజలో. మన బందరు ఎరుపుకు పేరు తెచ్చిన చిరివేరు, నిజాంపట్నం చుట్టుపక్కల గుల్లలు కలిసిన ఇసుకనేలల్లో శ్రేష్ఠంగా పండేది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ దానికోసం పోటీ పడ్డారు. ఆ చిరివేరుతో అద్దిన బట్ట ఎంతో మన ఊళ్లలోనే కట్టారు, పరిచారు, చించి తుడిచారు. అవేవీ లేవు. మా నేలకు దాచే గుణం లేదు.

ఒంటె గురించి అడిగిన ఆవిడకు చివరికి ఒక ఒంటెను పెట్టి ఇచ్చాను, అంచులో, అరబ్బీ అక్షరంలా కనిపించేట్టు. ఆవిడ ఇంకా కనిపెట్టలేదు.

చదివేవాళ్లకు నా మనవి ఒకటుంది. మీ ఇంట్లో అమ్మమ్మదో నాయనమ్మదో పాత అద్దకం దుప్పటి, పరదా, చీర ముక్క ఉంటే ఉతకొద్దు, నాఫ్తలీన్ గోళీలు వేసి ప్లాస్టిక్ సంచీలో కట్టిపెట్టొద్దు. నీడలో ఒకరోజు గాలికి ఆరనిచ్చి, గంజి పెట్టని పాత తెల్లబట్టలో చుట్టండి, మడతలు అప్పుడప్పుడు మార్చండి. రెండు వైపులా ఫోటో తీయండి. అది ఎవరిది, ఏ ఊళ్లో కొన్నారు, ఎన్నేళ్ల కిందట, అద్దింది ఎవరో తెలిస్తే ఆ పేరు, అన్నీ ఒక కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి. పారేయాలనిపిస్తే ముందు ఏదైనా మ్యూజియానికో, మాలాంటి అద్దకం వాళ్లకో కబురు పెట్టండి. పెడన, బందరుల్లో అచ్చు చూసి ఏ కాలంనాటి పనో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లుండగా చూపించండి.